బాగుంది, థాంక్యూ

జనవరి 9, గురువారం

మధ్యాహ్నం మా రెస్టారెంట్లో మూడే టేబుళ్ళు నిండాయి. వర్షం. వంతెన దగ్గర రోడ్డు తవ్విపోశారు, కారు ఆపుకోవడానికి చోటు లేదు. అయినా జనవరిలో ఎవరు బయట తింటారు? క్రిస్మస్‌కి తిన్నది అరగడానికే జనానికి నెల పడుతుంది. ఇవన్నీ మా ఆయన క్లైవ్‌కి చెప్పాను. అతనూ అవునన్నాడు.

మూడు టేబుళ్ళవాళ్ళూ "బాగుంది, థాంక్యూ" అన్నారు. కిటికీ పక్కన కూర్చున్న జంట రెండుసార్లు అన్నారు. ప్లేట్లు తీస్తుంటే బరువుగా ఉన్నాయి. పొగబెట్టిన టర్నిప్ దుంప ముక్కల్ని కాగితం నాప్‌కిన్ కింద పడుకోబెట్టి, పైన ఫోర్కూ కత్తీ అడ్డంగా పెట్టారు. మా ఇంగ్లీషువాళ్ళు తినలేనిదాన్ని వదిలెయ్యరు, దాచిపెడతారు. వంటింటికి వెళ్ళే నడవాలో ఒక చెత్తడబ్బా పెట్టుకున్నాను. దాంట్లోకి అంతా గీకేశాను. ప్లేట్లు క్లైవ్ ముందుకు వెళ్ళేసరికి ఖాళీ.

"ఏమన్నారు?" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"బాగుందన్నారు."

"టర్నిప్ సంగతేంటి?"

"దాని గురించి ప్రత్యేకంగా చెప్పారు."

ఏం చెప్పారని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో.

జనవరి 12, ఆదివారం

ఆదివారం కదా, కాస్త నిండుతుందనుకున్నాను. కొండ కింద ఉన్న పబ్ ముందు కార్లు బారులు తీరాయి. వాళ్ళు రోస్ట్ పెడతారు. గొడ్డుమాంసం, బంగాళాదుంపలు, పైన మునిగేంత గ్రేవీ. మేం వచ్చినప్పుడు ఇక్కడా అదే ఉండేది. క్లైవ్ తీసేశాడు. "రోస్ట్ ఎవరైనా చేస్తారు లోర్నా" అన్నాడు. నిజమే, ఎవరైనా చేస్తారు. అందరూ అక్కడికే వెళ్తున్నారు కూడా.

క్లైవ్ ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉన్నప్పుడే నయం. శనివారం వస్తే ఎక్కడికో ఒకచోటికి భోజనానికి బయల్దేరదీసేవాడు. ఒక్క పీత తినడానికి వేల్స్ దాకా కారు నడిపిన రోజులున్నాయి. ప్లేటు రాగానే "ఆగు, ముట్టుకోకు" అని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసేవాడు. చల్లారిన తిండి తినడం నాకు అప్పుడే అలవాటైంది. అదీ బాగానే ఉండేది. పొద్దున్న లేచి ఎవడో ఒకడు వండిపెట్టేవాడు, మేం తిని వచ్చేవాళ్ళం.

ఆ తర్వాత నా యాభయ్యో పుట్టినరోజుకి కోపెన్‌హాగన్ తీసుకెళ్ళాడు. అక్కడ ఎండుగడ్డి మీద పొగబెట్టిన పిట్టమాంసం తిన్నాడు. అంతే, పూనకం. ఉద్యోగం మానేశాడు, ఇల్లు అమ్మాం, ష్రాప్‌షైర్ మూల ఈ పాత పబ్ లీజుకి తీసుకున్నాం. ఇప్పుడు వెన్నకి పొగ, ఉప్పుకి పొగ, ఐస్‌క్రీమ్‌కి కూడా పొగే. ఊరివాళ్ళకి అక్షరాలా గడ్డి పెడుతున్నాడు. నా జుట్టూ దిండూ పశువుల కొట్టం వాసన కొడుతున్నాయి.

సాయంత్రం మిగిలిన బీట్‌రూట్ నాకు పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా నోటివైపే చూస్తున్నాడు. అంతా తిన్నాను. బాగుందన్నాను. అలా చూస్తుంటే ఇంకేమంటాం? పైగా నాకు ఆకలిగా కూడా ఉంది.

జనవరి 17, శుక్రవారం

ఇవాళ నార్మన్, ఆవ్రిల్ వచ్చారు. మేం ఈ ఊళ్ళో దిగిన రోజున కేకు పట్టుకొచ్చి తలుపు తట్టింది ఆవ్రిల్. నార్మన్ ఊరి పోస్టాఫీసు నడిపి రిటైరయ్యాడు. ఇద్దరూ మంచివాళ్ళు. అదే వచ్చిన తంటా.

వాళ్ళు తింటుండగా క్లైవ్ బయటికొచ్చాడు. నేను కళ్ళతో వద్దంటున్నా చూడలేదు.

"ఎలా ఉంది ఆవ్రిల్? మొహమాటం లేకుండా చెప్పండి."

"అబ్బ, క్లైవ్! ఈ బీట్‌రూట్ ఉందే, ఇలాంటిది నా జన్మలో తినలేదు." అది మాత్రం నిజం.

"మీరు చెప్పండి నార్మన్."

నార్మన్ నోట్లో ఉన్నదాన్ని నీళ్ళతో మింగి, "పొగ బాగా పట్టింది" అన్నాడు.

"పట్టింది కదా! పొద్దున్నించీ పెడుతూనే ఉన్నాను!"

ఆవ్రిల్ అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "మార్చిలో మా నలభయ్యో పెళ్ళిరోజు. ఇంత ప్రత్యేకమైన భోజనం ఎక్కడ దొరుకుతుందో ఏమో" అంది, ఏదో మాట సాగదియ్యడానికి.

"ఇంకెక్కడికెళ్తారు? ఇక్కడే చెయ్యండి! మీవాళ్ళందర్నీ పిలవండి. అంతా నేను చూసుకుంటాను."

ఆవ్రిల్ నార్మన్‌ని చూసింది. నార్మన్ బీట్‌రూట్‌ని చూశాడు.

"అబ్బే, మీకెందుకు క్లైవ్ అంత శ్రమ..."

"శ్రమేంటండీ! నాకు సంతోషం."

"అయితే సరే మరి. బాగుంటుంది."

ఆవ్రిల్ నాప్‌కిన్ కింద బాతు ముక్క చెక్కుచెదరకుండా ఉంది. నార్మన్ ప్లేటు మాత్రం శుభ్రంగా ఉంది. ఆయన కోటు జేబు జిడ్డుగా ఉంది.

క్లైవ్ వంటింట్లో ఈల వేసుకుంటున్నాడు. లీజు మార్చి ఆఖరుకి అయిపోతుంది. మళ్ళీ ఐదేళ్ళకి రాయాలా వద్దా అని క్రిస్మస్ నుంచీ నానుస్తున్నాం. "ఈ విందు నిలబడిందంటే కళ్ళు మూసుకుని రాసేద్దాం" అన్నాడు. నేను గ్లాసులు తుడుస్తూ ఊఁ అన్నాను.

ఫిబ్రవరి 1, శనివారం

ఆవ్రిల్ వచ్చింది. ఊరికే ఇటు వెళ్తూ తొంగిచూశానంది. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంత వానలో ఊరికే ఎటు వెళ్తారు?

"లోర్నా తల్లీ, ఆ పెళ్ళిరోజు సంగతి..." అని మొదలుపెట్టింది. ఇంతలో క్లైవ్ చెంచా పట్టుకుని వచ్చాడు. "సరిగ్గా టైముకొచ్చారు! ఇది రుచి చూడండి." పొగబెట్టిన ఉల్లిపాయ జెల్లీ.

ఆవ్రిల్ చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎలా ఉంది?"

"బాగుంది" అంది.

"అయితే మీ మెనూలో కలిపేస్తున్నాను!"

ఆవ్రిల్ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఏం చెప్పడానికొచ్చిందో చెప్పలేదు.

ఫిబ్రవరి 4

ఎవరూ రాలేదు. వర్షం.

ఫిబ్రవరి 5

ఎవరూ రాలేదు. వర్షం కూడా లేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇవాళ ధైర్యం చేసి అన్నాను. ఆదివారాలు ఒక్కపూట రోస్ట్ పెడదామా అని.

క్లైవ్ కత్తి కింద పెట్టాడు. "ఎవరైనా అడిగారా?"

"అడగలేదనుకో."

"ఎవరైనా బాలేదన్నారా?"

"అనలేదు."

"మరి?"

మరి ఏమనాలి? వాళ్ళు అనరు క్లైవ్, చచ్చినా అనరు, సూప్‌లో చెప్పు కనిపించినా పక్కకి జరిపి బాగుంది థాంక్యూ అంటారు. నువ్వూ అంతేగా. పోయినేడు ఆ సముద్రం ఒడ్డు హోటల్లో నీకు పచ్చి కోడిమాంసం పెడితే, అద్భుతం అని చెప్పి, కారెక్కి ఇంటిదాకా తిట్టావు. ఇదంతా నోటిదాకా వచ్చింది.

"రోడ్డు తవ్వకాలు అయిపోతే జనం వస్తారులే" అన్నాను. నా మీద నాకే చిరాకేసింది. గట్టిగా తలుపు వేసి పైకి వచ్చేశాను.

ఫిబ్రవరి 20, గురువారం

ఆవ్రిల్ మళ్ళీ వచ్చింది. ఈసారి నార్మన్‌ని కూడా తీసుకొచ్చింది. ముందు ఆయన్ని తోసింది.

"చూడు క్లైవ్, సంగతేంటంటే" అన్నాడు నార్మన్. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మేం... మా చెల్లెలు వాళ్ళు వాళ్ళింట్లోనే..."

"వాళ్ళని కూడా పిలవండి! చోటుకేముంది?"

"అది కాదు..."

"ముందు ఇది చూడండి." వేళ్ళంత గడ్డికట్టల మీద చేప.

మళ్ళీ అదే. బాగుంది. మెనూలో ఇంకో ఐటమ్ చేరింది. నార్మన్ తుమ్మితే దానిక్కూడా పొగబెట్టి కలిపేసేలా ఉన్నాడు మా ఆయన. బయట కారులో వాళ్ళిద్దరూ ఏదో అరుచుకుంటున్నారు. అద్దాలు ఎత్తి ఉన్నాయి, మాటలు వినపడలేదు.

నేను బయటికెళ్ళి అద్దం తట్టి అడగొచ్చు. మానుకుంటారా అని ఒక్క మాట. వాళ్ళు చెప్పాలి గానీ నేనెందుకు అడగాలి? తినేది వాళ్ళు.

మార్చి 2, ఆదివారం

క్లైవ్ ఇవాళ నవ్వుతూనే ఉన్నాడు. ఎన్నాళ్ళయిందో అతన్ని ఇలా చూసి. వెనక పెరట్లో పాత ఇనప పీపాలో గడ్డి రాజేస్తూ, పిల్లాడిలా ముఖమంతా మసి చేసుకుని, "ఆవ్రిల్‌కి ఏది బాగా నచ్చుతుందంటావు?" అని అడిగాడు.

"అన్నీ నచ్చుతాయి" అన్నాను.

మార్చి 7, శుక్రవారం

రేపే. నిద్రలేదు. అంతా బాగానే జరుగుతుంది.

మార్చి 8, శనివారం

ఒంటిగంటకి రమ్మన్నాం. ఒంటిగంటకి అందరూ ఒక్కసారే వచ్చారు, ఇరవైమంది పైచిలుకు. అందరూ కలిసి ఒకే చోటి నుంచి వస్తున్నట్టు వచ్చారు. తలుపు దగ్గర నిలబడి కోట్లు తీసుకుంటున్నాను. మొదటి కోటు నార్మన్ చెల్లెలిది. వెనిగర్ వాసన వేసింది. ఏదో అనుకున్నాను. రెండోది, మూడోది. ఒక్కో కోటూ చేతి మీద వేసుకునేకొద్దీ వెనిగర్, వేడి నూనె, వేపిన చేప. చివర్న వచ్చిన లావుపాటాయన మీసానికి పిండి పెచ్చు అంటుకుని ఉంది. ఊరి మధ్య హై స్ట్రీట్‌లో వేపిన చేపలూ చిప్సూ వెనిగర్ చల్లి అమ్మే షాపు పదకొండున్నరకే తెరుస్తారు.

కోట్లన్నీ కుర్చీ మీద పడేసి, ఆవ్రిల్ చెయ్యి పట్టుకుని నడవాలోకి లాక్కెళ్ళాను.

"మీరు చిప్స్ తినొచ్చారు."

"కొంచెమే తల్లీ. నార్మన్‌కి షుగర్ కదా, ఖాళీ కడుపుతో ఉంటే కళ్ళు తిరుగుతాయి."

"అందరికీ షుగరేనా?"

ఆవ్రిల్ మెడలో ముత్యాలు సవరించుకుంది. కొత్త గౌను, జుట్టు కూడా సెట్ చేయించుకుంది. "పిల్లలు ఆకలికి ఆగరని..."

"పిల్లలెవరూ లేరు ఆవ్రిల్! అక్కడున్న వాళ్ళల్లో అందరికంటే చిన్నామెకి యాభై ఏళ్ళు!"

"మెల్లిగా, మెల్లిగా. ఆయనకి వినపడుతుంది."

"నచ్చకపోతే ఎందుకు ఒప్పుకున్నారు?"

"ఆయన అంత ఆశగా అడిగితే కాదని ఎలా అంటాం? మానుకుందామని రెండుసార్లు వచ్చాను. వచ్చినప్పుడల్లా నోట్లో ఏదో ఒకటి పెట్టాడు."

"బాలేదని చెప్తే పోయేది కదా!"

హై స్ట్రీట్‌లో బట్టలు విప్పమన్నట్టు చూసింది నన్ను. "అలా ఎలా చెప్తాం లోర్నా? మనిషి అంత కష్టపడి చేస్తే." తర్వాత నా చెయ్యి నిమిరింది. "నువ్వేం కంగారుపడకు. అందరికీ చెప్పే తీసుకొచ్చాను. బాగుందనే అంటారు."

అన్నారు. ఒక్కో ప్లేటు తీసుకెళ్ళి పెట్టాను, ఒక్కో ప్లేటు బరువుగా వెనక్కి తీసుకొచ్చాను. నడవాలో డబ్బా నిండిపోతే బక్కెట్ తెచ్చుకున్నాను. లోపల క్లైవ్ చెమటలు కక్కుతూ ఒక్కో ముక్క పట్టకారుతో పేరుస్తున్నాడు. "ఏమంటున్నారు? ఏమంటున్నారు?" బాగుందంటున్నారు క్లైవ్. ఆఖరికి నార్మన్ చెల్లెలు ఇంటి నుంచి తెచ్చిన కేకు కోస్తే మాత్రం నిమిషంలో అయిపోయింది.

క్లైవ్‌ని బయటికి పిలిచారు. నార్మన్ లేచి గ్లాసు ఎత్తాడు. "ఇలాంటి భోజనం మేమెవరం మర్చిపోలేం" అన్నాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ లావాయన ఈల కూడా వేశాడు. క్లైవ్ ఏప్రాన్ కొసతో కళ్ళు తుడుచుకున్నాడు.

నాకు ఆ టేబుల్ ఎత్తి వాళ్ళ మీద పడెయ్యాలనిపించింది. వెళ్ళేటప్పుడు అందరికీ కోట్లు తొడిగాను.

మార్చి 9, ఆదివారం

క్లైవ్ పొద్దున్నే లీజు కాగితాలు తీశాడు. రేపు సంతకాలు చేసి పంపిద్దామన్నాడు. మరో ఐదేళ్ళు. నిన్నటి మెనూనే ఏప్రిల్ నుంచి అందరికీ పెడదామన్నాడు.

ఆవ్రిల్ పూలు పంపించింది. పసుపుపచ్చ డాఫొడిల్స్. కార్డు మీద "ప్రతిదీ బాగుంది" అని రాసి ఉంది. చింపేశాను.

మార్చి 10, సోమవారం

సోమవారం సెలవు. టేబుల్ మీద కాగితాలు పరిచి, తన సంతకం చేసి, పెన్ను నావైపు తిప్పాడు.

"పెట్టు."

"పెట్టను."

"ఎందుకు?"

"శనివారం వాళ్ళంతా చిప్స్ తిని వచ్చారు. అందరూ కలిసి కూర్చుని, కడుపునిండా చేపలూ చిప్సూ తిని, అప్పుడొచ్చారు. నువ్వు చేసింది ఎవ్వరూ తినలేదు. బక్కెట్‌లో పారబోశాను. శనివారం ఒక్కటే కాదు, రోజూ పారబోస్తున్నాను."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. పెన్నుకి మూత పెట్టాడు.

"చిప్స్ సంగతి తెలీదు" అన్నాడు. "మిగతాది తెలుసు."

"ఏం తెలుసు?"

"చెత్త బస్తాలు రోజూ వీధిలో పెట్టేది ఎవరనుకుంటున్నావు? నాప్‌కిన్లు విప్పి చూస్తూనే ఉన్నాను, నవంబర్ నుంచీ."

అప్పుడు నేను అరిచాను. ఇన్నాళ్ళుగా మింగినదంతా ఒక్కసారి పైకొచ్చింది. "తెలిసీ ఎందుకు చేస్తున్నావు మరి? ఎవరూ ముట్టని తిండి ఎవరి కోసం వండుతున్నావు?"

"నువ్వు తింటున్నావుగా."

కుర్చీలో కూర్చున్నాను.

"వీళ్ళకేం తెలుసులే అనుకున్నాను" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఊరు అలవాటుపడాలి, టైము పడుతుంది అనుకున్నాను. సాయంత్రం నీకు పెట్టేవాణ్ణి. నువ్వు ప్లేటు తుడిచి మరీ తినేదానివి. నువ్వెందుకు నా దగ్గర అబద్ధమాడతావు? ఆ ఒక్క ప్లేటూ చూసుకుని పొద్దున్న మళ్ళీ గడ్డి రాజేసేవాణ్ణి."

కాగితాలు పక్కకి జరిపాను.

"బీట్‌రూట్?" అన్నాడు.

"బాలేదు."

"వెన్న?"

"బాలేదు క్లైవ్."

"బాతు?"

"ఒక్కసారి బాగుంది. నువ్వు పొగపెట్టడం మర్చిపోయిన రోజు."

కొంచెం నవ్వాడు, లేదా నవ్వాడనిపించింది. తర్వాత కిటికీవైపు తిరిగాడు. ఏం అడగబోతున్నాడో నాకు తెలిసిపోయింది. అడగొద్దు అని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

"కోపెన్‌హాగన్?"

"క్లైవ్, వదిలెయ్."

"అక్కడ నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. ఇంత మంచి భోజనం నా జీవితంలో తినలేదన్నావు. నేను ఉద్యోగం మానేస్తానన్నది ఆ మాట విన్నాకే."

ఎన్నో నెలల ముందు బుక్ చేసుకున్న టేబుల్ అది. నా పుట్టినరోజు. అతను నా ముఖంలోకి ఎంత ఆశగా చూశాడో నాకింకా గుర్తుంది. ఏమనాల్సింది నేను?

"అక్కడ కూడా గడ్డి వాసనే వేసింది" అన్నాను.

కాగితాలు మడిచి డ్రాయర్లో పెట్టాడు. "ఇల్లు అమ్మేశాం కదా లోర్నా" అన్నాడు.

మార్చి 11

తెరవలేదు. మాటల్లేవు.

మార్చి 12

ఒక్క మాట. "పాలు అయిపోయాయి."

మార్చి 13, గురువారం

పొద్దున్న కిందకి దిగేసరికి పెరట్లో పీపా బోర్లించి ఉంది. గడ్డికట్టలు వాకిట్లో వానకి తడుస్తున్నాయి. క్లైవ్ పొయ్యి దగ్గర ఉన్నాడు. లీక్స్ అనే ఉల్లికాడలు, బంగాళాదుంపలు, మామూలు వెన్న, మిరియాలు. ఇంకేం లేవు. ఉల్లికాడల వాసన ఇల్లంతా నిండింది. ఈ వంటింట్లో తిండి వాసన వచ్చి ఎన్నాళ్ళయిందో.

సూప్ గిన్నెలో పోసి నా ముందు పెట్టాడు. ఈసారి ఎదురుగా కూర్చోలేదు. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఒక చెంచా తాగాను. చిక్కగా, వెచ్చగా ఉంది. ఉప్పు సరిగ్గా పడింది. దుంప నోట్లో కరిగిపోయింది. ఎక్కడో మిరియం తగిలింది. రెండో చెంచా తాగేసరికి నాకు ఏడుపొచ్చేసింది. ఇతనికి ఇంత బాగా వచ్చా? ఇన్నాళ్ళూ వచ్చా?

"బాగుంది" అన్నాను.

క్లైవ్ తలూపాడు.

"లేదు, నిజంగా. నిజంగా బాగుంది క్లైవ్. ఒట్టు."

"తెలుసు" అన్నాడు.

"దేవుడి మీద ఒట్టు! ఇంత మంచి సూప్ నేను..."

ఆ మాట అక్కడే ఆపేశాను. అప్పటికే ఆలస్యమైంది. అతను వచ్చి నా చేతిలోంచి చెంచా మెల్లిగా తీసుకున్నాడు. కోపం లేదు. గిన్నె తీసుకుని సింకులో పారబోశాడు. పొయ్యి మీది కుండ కూడా ఎత్తి పారబోశాడు. చేతులు తుడుచుకుని పైకి వెళ్ళిపోయాడు.

కుండ అడుగున కొంచెం మిగిలింది. రొట్టెముక్కతో తుడుచుకుని, నిలబడే తిన్నాను. చూడటానికి వంటింట్లో ఎవరూ లేరు.